సోమవారం రాసిన స్నానాలు

ఆ ఇంట్లో ఆరుగురు ఆడవాళ్ళు ఉండేవారు. అందరికన్నా చిన్నామెకు ముప్ఫై రెండేళ్ళు, పెద్దామెకు అరవై దాటాయి. వయసైతే వచ్చింది గాని, ఒకరికి గుండీ పెట్టుకోవడం చేతకాదు, ఒకరికి దాహమేస్తే చెప్పడం తెలియదు, ఇంకొకరు గేటు దాటితే తిరిగి ఇల్లు పోల్చుకోలేరు. నేర్చుకోవడమనేది పుట్టుకతోనే వాళ్ళకు బరువైపోయింది. ఇంట్లోవాళ్ళు చూసుకోగలిగినంత కాలం చూసుకుని, ఇక చేతకాకో, చూసుకునే మనిషే కన్నుమూసో, ఇక్కడికి తెచ్చి చేర్చారు. పొడుగాటి వరండా, ఒక పక్క వరసగా గదులు, రెండో పక్క గడ్డి, వరండా చివర స్నానాలగది.

ఆ స్నానాలగదికి పద్దెనిమిదేళ్ళుగా ఒక్కతే అధికారి. ఆమె అసలు పేరు సంతకానికే పరిమితం, అందరి నోటా స్నానాలక్క. మేనేజరమ్మ ఇల్లంతటికీ పెద్ద కావచ్చు, ఆ తలుపు దగ్గరికొచ్చేసరికి ఆవిడ కూడా చెప్పులు విప్పి, "లోపలికి రావచ్చా అక్కా?" అని అడగాల్సిందే.

లోపల గోడలకు లేత ఆకుపచ్చ పలకలు. పైన ఒక గరుకు అద్దాల కిటికీ, అందులోంచి పొద్దుటి వెలుగు వడకట్టినట్టు దిగేది. తొట్టిలోకి నీళ్ళు పడుతుంటే ఆవిరి లేచి, ముందు అద్దం మాయమయ్యేది, తరవాత కుళాయి, చివరికి ఎదుటి మనిషి ముఖం కూడా సగమే కనిపించేది. బయట ఫోన్లు మోగనీ, పళ్ళేలు జారి పడనీ, ఎవరి మీద ఎవరైనా కేకలు వేయనీ, తలుపు మూశాక అదంతా ఎక్కడో పక్క వీధిలో జరుగుతున్నట్టుండేది. ఇవాళ ఏ వారం అని అక్కడ ఎవరూ అడగరు. తను పని చేస్తోందో కల కంటోందో స్నానాలక్కకు ఒక్కోసారి తేడా తెలిసేది కాదు. ఆ తెలియకపోవడమే ఆమెకు ఇష్టం.

నీళ్ళ వేడి చూడడానికి ఆమెది ఒకటే పద్ధతి. కుడి చెయ్యి స్నానం చేసే మనిషి నడుం చుట్టూ ఉండాలి, పట్టు తప్పి జారితే గతేమిటి? అందుకని ఎడమ మోచెయ్యి నీళ్ళలో ముంచేది. ఒక్క క్షణం ఆగి "ఊఁ" అనేది. అంతే, నీళ్ళు పాసైనట్టు. వేళ్ళు పనిచేసి పనిచేసి మొరటుబారతాయి, మోచెయ్యి మాత్రం అబద్ధం చెప్పదని ఆమె సిద్ధాంతం. ఇంట్లో అందరికీ ఆ మోచెయ్యి మీద గురి.

అలాగని మీటరు లేకపోలేదు. చేప ఆకారంలో ఉండే పసుపుపచ్చ ప్లాస్టిక్ మీటరు, నీళ్ళలో వదిలితే తేలుతూ పొట్ట మీద అంకె చూపిస్తుంది. దాన్ని అందరూ చేప అనే అనేవారు. ప్రతి స్నానానికీ ముందు చేపను వదలాలి, అంకె చూడాలి, తలుపు వెనక వేలాడే పుస్తకంలో తేదీ, పేరు, అంకె రాసి సంతకం చేయాలి. ముప్ఫై ఎనిమిది డిగ్రీలు దాటకూడదు. ఇదీ రూలు. పైనుంచి తనిఖీకి ఎవరొచ్చినా మొట్టమొదట అడిగేది ఆ పుస్తకమే.

తడి చేతులతో పుస్తకం రాసి చూశారా ఎప్పుడైనా? సిరా పాకుతుంది, కాగితం ఉబ్బుతుంది, రాసింది ఎనిమిదో సున్నానో రాసినవాళ్ళకే తెలియదు. మొదట్లో ఆ పుస్తకం అలాగే అలుక్కుపోయి ఉండేది. "ఇదేం పుస్తకం అక్కా, దీన్ని ఎవరికి చూపించను నేను?" అని మేనేజరమ్మ నాలుగుసార్లు చివాట్లు పెట్టింది. ఐదోసారి తినడం ఇష్టంలేక స్నానాలక్క ఒక ఉపాయం కనిపెట్టింది. సోమవారం పొద్దున్నే, చేతులు ఇంకా పొడిగా ఉండగానే, వరండాలో కుర్చీ వేసుకుని వారం మొత్తానికి ఒకేసారి రాసేసేది. ఆరుగురు మనుషులు, ఏడు రోజులు, అందరికీ అన్ని రోజులూ ముప్ఫై ఎనిమిదే. ముత్యాల్లాంటి అంకెలు, కింద సంతకం.

కిందటేడు తనిఖీకి వచ్చినాయన ఆ పుస్తకం తిరగేసి, "ఇంత శుభ్రమైన రికార్డు నేనెక్కడా చూడలేదమ్మా" అన్నాడు. మేనేజరమ్మ ముఖం చేటంతయింది. చేప అప్పటికే గోడ మేకుకు వేలాడుతోంది. దానికి నీళ్ళు తగిలి ఎన్నాళ్ళయిందో అదే చెప్పాలి.

ఈ గుట్టు కనిపెట్టిన మనిషి ఇంట్లో ఒక్కతే, రైలమ్మ. అరవై దాటిన పెద్దామె ఆవిడే. చిన్నప్పుడు రైలు స్టేషను పక్కన పెరిగిందట, ఏది జరిగినా రైలు వచ్చినట్టే చెప్పేది. "స్నానం బండి ఒకటో నంబరు మీదికి వస్తోంది, జరగండి, జరగండి!" అంకెలంటే ఆవిడకు ప్రాణం. ఒక శుక్రవారం స్నానానికి రమ్మంటే కదలనని కూర్చుంది.

"నా స్నానం అయిపోయింది. పుస్తకంలో ఉంది. మళ్ళీ ఎందుకు చేయిస్తావు?"

"అది కాగితం స్నానం తల్లీ, ఇది ఒంటి స్నానం. లేవమ్మా, పుణ్యముంటుంది" అని బతిమాలి తీసుకెళ్ళింది స్నానాలక్క. ఆ రోజంతా ఆ మాట తలచుకుని తనలో తనే నవ్వుకుంది. అది నవ్వాల్సిన మాటేనా అని మాత్రం తోచలేదు.

ఆరుగురిలోనూ ఆమెకు ఆరోప్రాణం రాణిగారు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, నోట ఒక్క మాట రాదు. తువ్వాలు పట్టుకుని ఎదురుగా నిలబడితే చాలు, గడ్డం పైకెత్తి, చెయ్యి ముందుకు చాచి, వాకిట్లో పల్లకి ఆగినట్టు నడిచి వచ్చేది. అందుకే రాణిగారు. నీళ్ళలో కూర్చున్నాక కళ్ళు మూసుకుని సన్నగా ఒక రాగం తీసేది. ఆ రాగానికి మొదలు లేదు, తుది లేదు. ఆవిరిలో అది వింటూ స్నానాలక్క కూడా ఎక్కడెక్కడికో పోయేది. తన తల్లి తనకు వీపు రుద్దిన రోజుల్లోకి, ఎన్నడూ చూడని ఏదో ఏటి ఒడ్డుకి, ఎవరూ పిలవని చోటికి. నీళ్ళు చల్లబడితే గాని ఇద్దరూ తిరిగి వచ్చేవారు కాదు.

రాణిగారి దగ్గర ఒక మెలిక ఉంది. నొప్పి వేస్తే ఆమె ఏడవదు, నవ్వుతుంది. ఏడేళ్ళ కిందట తలుపు సందులో పడి వేలు విరిగితే పొద్దుటినుంచీ ఒకటే నవ్వు. "ఇవాళ రాణిగారు మహా హుషారు!" అని ఇల్లంతా మురిసిపోయింది. స్నానాలక్క ఒక్కతే దగ్గరికెళ్ళి, "హుషారూ లేదు, పాడూ లేదు, ఆ కళ్ళు చూడండి, కళ్ళు నవ్వడం లేదు" అని ఒళ్ళంతా తడిమి వాచిన వేలు పట్టుకుంది. ఆ రోజునుంచి రాణిగారి తమ్ముడు ఆమెకు చేతులెత్తి మొక్కకపోవడం ఒక్కటే తక్కువ.

ఆ తమ్ముడు బస్సు డ్రైవరు. అమ్మానాన్నలు పోయాక ఉన్నది ఆ అక్కాతమ్ముళ్ళే. గురువారం అతనికి సెలవు, ఆ పూట ఇక్కడే గడిపేవాడు. "మా అక్కని ఇక్కడ ఉంచానంటే నిన్ను చూసే ఉంచాను అక్కా. నువ్వు లేని మర్నాడు నేను తీసుకెళ్ళిపోతాను" అనేవాడు. ఇంతకన్నా తియ్యటి మాట స్నానాలక్కతో జన్మలో ఎవరూ అనలేదు.

ఆ తియ్యటి మాటే ఆమె మెడకు చుట్టుకుంది. రెండు నెలలుగా ఎడమ చిటికెనవేలు తిమ్మిరెక్కుతోంది. మొదట సూదులు గుచ్చినట్టుండేది, తరవాత ఆ సూదులు కూడా పోయాయి. వేలి నుంచి అరచేతి అంచుకీ, అక్కణ్ణుంచి మోచేతికీ ఆ మొద్దుతనం పాకింది. ఒక పొద్దున ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడి ఉంటే కూతురు కెవ్వున కేక వేసింది.

"అమ్మా! చెయ్యి! గిన్నెకి ఆనించి పెట్టావు, కాలుతోందే!"

చూస్తే మోచేతి కింద ఎర్రటి వాత. తనకేమీ తెలియలేదు.

"డాక్టరు దగ్గరికి పద."

"చూద్దాంలే."

"చూద్దాంలే అంటే ఎప్పుడమ్మా?"

"చూద్దాంలే అన్నానుగా, నస పెట్టకు!"

ఆ చూద్దాంలే అలా వారాలకు వారాలు నడిచింది. డాక్టరు ఏదో పేరు పెడతాడు, కాగితం రాస్తాడు, ఆ కాగితం మేనేజరమ్మ చేతికి వెళ్తుంది, స్నానాలగది తన చేతిలోంచి జారిపోతుంది, తమ్ముడు రాణిగారిని తీసుకుపోతాడు. అక్కడిదాకా వచ్చి ఆలోచన ఆపేసేది. మోచెయ్యి మాత్రం రోజూ నీళ్ళలో ముంచుతూనే ఉంది. ఏమీ తెలియకపోయినా "ఊఁ" అంటూనే ఉంది. పాత బాయిలర్ ఎన్నేళ్ళుగానో ఒకే వేడి ఇస్తోంది, ఏ కుళాయి ఎంత తిప్పాలో చేతికి కంఠతా వచ్చు, ఇంకేం భయం? కన్నతల్లి బిడ్డ విషయంలో చేయకూడని పని ఆమె చేస్తోంది. అదీ ప్రేమకొద్దీ చేస్తోంది. ప్రేమకు కళ్ళు లేవని ఊరికే అన్నారా!

ఒక బుధవారం మధ్యాహ్నం మెకానిక్కు వచ్చి, బాయిలర్ విప్పి, అరిగిపోయిన ముక్కేదో తీసి కొత్తది బిగించాడు. పోతూ పోతూ వంటగది బోర్డు మీద చీటీ అంటించాడు. "నీళ్ళు ఇదివరకటికంటే బాగా వేడిగా వస్తాయి. చూసి వాడండి." స్నానాలక్క టీ తాగుతూ ఆ చీటీ చదివింది. "ఇదిగో, వచ్చాడు మాకు నేర్పడానికి!" అని మూతి తిప్పుకుంది.

మర్నాడు గురువారం. మబ్బు పట్టిన పొద్దు, కిటికీలోంచి వెలుగు కూడా నిద్రమత్తుతోనే దిగింది. వేడినీళ్ళ కుళాయి మూడు చుట్లు, చన్నీళ్ళది రెండు చుట్లు, ఎప్పటిలాగే తిప్పింది. ఆవిరి ఎప్పటికన్నా చిక్కగా లేచింది. గోడలు పోయాయి, కిటికీ పోయింది, తన చేతులే తనకు దూరంగా ఎవరివో అన్నట్టు కనిపించాయి. ఆహా, ఇలాంటి పొద్దు రాణిగారికి ఎంత ఇష్టమో అనుకుంది. కుడి చెయ్యి ఆమె నడుం చుట్టూ వేసి, ఎడమ మోచెయ్యి నీళ్ళలో ముంచి, "ఊఁ" అంది.

"దయచేయండి మహారాణీ, దయచేయండి."

రాణిగారు గడ్డం ఎత్తి ఒక కాలు లోపల పెట్టింది. తరవాత రెండో కాలు. వెనక్కి లాక్కోవాలని ఆమెకు తోచదు, అక్క పెట్టమన్న చోట పెట్టింది. రాగం తీయలేదు. నవ్వింది.

ఆ తెల్లటి మసకలో ఆ నవ్వు ఎంతో బాగుంది. స్నానాలక్క కూడా నవ్వింది. "ఏంటి రాణిగారూ, ఇవాళింత సంబరం?" అంది. రాణిగారు ఇంకా పెద్దగా నవ్వింది, ఈవిడా ఇంకా పెద్దగా నవ్వింది. ఆ నవ్వేమిటో లోకం మొత్తం మీద తెలిసిన మనిషి ఒక్కతే, ఆ ఒక్కతే దానికి తాళం వేస్తూ నిలబడింది. ఎంతసేపు? మూడు క్షణాలో, నాలుగో. తలుపు బయట తన వంతు కోసం నిలబడ్డ రైలమ్మ, తలుపు కింది నుంచి వస్తున్న ఆవిరి చూసి అరిచింది. "బండి పొగ వదులుతోంది! చాలా పొగ! ఎప్పుడూ ఇంత లేదు!"

స్నానాలక్కకు ఎవరో భుజం పట్టి కుదిపినట్టయింది. చేత్తో ఆవిరి తోసి రాణిగారి ముఖం చూసింది. కళ్ళు నవ్వడం లేదు.

ఎలా ఎత్తిందో ఆమెకే తెలియదు. తనకంటే బరువైన మనిషిని చంకల కింద పట్టి ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టింది. ఆ ఊపులో కుడి చెయ్యి నీళ్ళకు తగిలి చుర్రుమంది. అప్పుడు తెలిసింది ఆ నీళ్ళేమిటో. చన్నీళ్ళ గొట్టం లాగి పాదాల మీద వదిలి, "నర్సమ్మా! నర్సమ్మా!" అని ఇల్లదిరిపోయేలా కేక పెట్టింది. రెండు పాదాలూ చీలమండల దాకా కందిపోయి ఉన్నాయి. రాణిగారు ఇంకా నవ్వుతూనే ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. ఇక్కడ కాలింది ఆమె చేతులు కావు. అవే కాలి ఉంటే ఎంత బాగుండునని ఆమె మనసు కొట్టుకుంది.

నర్సు పరుగున వచ్చి, గడియారం చూసుకుంటూ ఇరవై నిమిషాలు చన్నీళ్ళు పోయించింది. డాక్టరు వచ్చి చూసి, పైచర్మమే కాలిందని, రెండు చోట్ల బొబ్బలెక్కుతాయని, మూడు వారాల్లో మానుతుందని చెప్పాడు. "ఇంకొంచెంసేపు ఉంచి ఉంటే నేనీ మాట చెప్పేవాణ్ణి కాదు" అన్నాడు. ఆ ఇంకొంచెంసేపు ఎలా ఉండేదో స్నానాలక్కకు కళ్ళకు కట్టింది. రాణిగారిని మోకాళ్ళదాకా, నడుందాకా నీళ్ళలో కూర్చోబెట్టి, ఎదురుగా తను నవ్వుతూ ఉండేది.

మేనేజరమ్మ గదిలో బల్ల మీద స్నానాల పుస్తకం తెరిచి ఉంది. ప్రమాదం జరిగితే పైకి పంపాల్సిన కాగితం దాని పక్కనే ఉంది. మేనేజరమ్మ చెమట తుడుచుకుని, ఆ రోజు వరస మీద వేలు పెట్టి ఊపిరి పీల్చుకుంది.

"ముప్ఫై ఎనిమిది అనే ఉంది కదక్కా! అమ్మయ్య, బతికించావు. నువ్వు చూసి రాశాక నీళ్ళ వేడి పెరిగి ఉంటుంది. ఆ మెకానిక్కే ఏదో వెలగబెట్టి పోయాడు. అతని మీద రాసి పంపించేస్తాను. అంతేగా?"

"ఊఁ" అంది స్నానాలక్క. నోరు దానంతటదే అనేసింది.

బయటికి వచ్చింది. వరండా ఎప్పటికన్నా పొడుగ్గా ఉంది. చినుకులు మొదలై గడ్డి మీద చప్పుడు లేకుండా పడుతున్నాయి. ఆరేసిన తువ్వాళ్ళు ఎవరో తీసి లోపల పెట్టారు. గదుల్లోంచి ఒకరు చెయ్యి ఊపారు, ఇంకొకరు "అక్కా, నా వంతెప్పుడు?" అని అడిగారు. అందరికీ తల ఊపుకుంటూ నడిచింది. ఎవరో తన బదులు నడుస్తున్నట్టుంది. పాము చావలేదు, కర్ర విరగలేదు. మూడు వారాల్లో పాదాలు మానతాయి. తను రేపటినుంచి కుడి మోచెయ్యి ముంచుతుంది, అంతే కదా! ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు. ఆ ఆలోచన వెచ్చటి నీళ్ళలా ఒళ్ళంతా కమ్ముకుంది, కాసేపు అందులోనే తేలింది. మెకానిక్కు ముఖం గుర్తొచ్చింది. వంగి చెప్పులు తొడుక్కుంటూ, "బోర్డు మీద రాసి పెట్టానమ్మా, ఒకసారి చూడండి" అని వెళ్ళిన మనిషి.

సాయంత్రం కాకముందే తమ్ముడు వచ్చాడు. రాణిగారి మంచం పక్కన కూర్చుని, కట్లు కట్టిన పాదాల కింద దిండు సర్దాడు. తరవాత తలెత్తి గుమ్మంలో నిలబడ్డ స్నానాలక్కను చూశాడు. అతని కళ్ళల్లో నీళ్ళు.

"మేడం అంతా చెప్పారక్కా. నువ్వుండబట్టి సరిపోయింది. ఇంకెవరైనా అయితే ఆ నవ్వు చూసి, హుషారనుకుని, తామూ నవ్వుతూ నిలబడేవాళ్ళు."

కొట్టినా అంత తగిలేది కాదు. స్నానాలక్క గుమ్మం పట్టుకుంది. ఇప్పుడు గనక "ఊఁ" అంటే ఇక జన్మంతా అనాల్సిందే అని ఆమెకు తెలిసిపోయింది.

"నేనూ నిలబడ్డాను తమ్ముడూ" అంది. "నిలబడి నవ్వాను."

"ఏంటక్కా?"

"ఉండు, వస్తున్నా."

మేనేజరమ్మ గదిలోకి వెళ్ళి, అడగకుండానే పుస్తకం తీసుకుని వచ్చింది. మేనేజరమ్మ "అక్కా, అక్కా, అదెక్కడికి?" అంటూ వెనకే వచ్చింది. స్నానాలక్క పుస్తకం తెరిచి అతని ఒళ్ళో పెట్టింది.

"ఇది ఇవాళ్టి వరస. కిందికి చూడు. ఇది రేపు. ఇది శనివారం. ఇది ఆదివారం. మీ అక్కకి ఆదివారం స్నానం కూడా చేయించేశాను, చూశావా? ముప్ఫై ఎనిమిది డిగ్రీలు, సంతకంతో సహా. ఇవన్నీ సోమవారం రాసినవి. ఏళ్ళుగా ఇంతే. ఆ చేపకి నీళ్ళు తగిలి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు."

స్నానాలక్క ఎడమ చెయ్యి చాచి అతని ముందు పెట్టింది.

"ఇంకోటుంది. ఈ చేతికి స్పర్శ లేదు. రెండు నెలలైంది. వేడీ తెలీదు, చల్లదనమూ తెలీదు. తెలీదని తెలిసే మీ అక్క నడుం పట్టుకుని నీళ్ళలోకి దింపాను. చెబితే నువ్వు తనని తీసుకెళ్ళిపోతావని భయం. ఆ మెకానిక్కు పాపం చీటీ కూడా పెట్టి వెళ్ళాడు, నేను చదివాను. అతని మీద రాయకండి మేడం. నా మీద రాయండి."

తమ్ముడు పేజీలు వెనక్కి తిప్పాడు. పోయిన వారం, పోయిన నెల, పోయిన ఏడు. ఎండల్లో ముప్ఫై ఎనిమిది, వానల్లో ముప్ఫై ఎనిమిది, చలిలో ముప్ఫై ఎనిమిది. రాణిగారు మంచం మీంచి చెయ్యి చాచి ఆ కాగితాల చప్పుడు వింటోంది. చాలాసేపటికి అతను పుస్తకం మూశాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది.

"నేను పొద్దున బస్సు తీసేముందు బ్రేకు తొక్కి చూస్తానక్కా. ఇరవై రెండేళ్ళయింది. నిన్న పట్టిందిగా అని ఒక్కరోజు కూడా చూడకుండా తీయలేదు. నా బండిలో ఎక్కేవాళ్ళకి నేనెవరో తెలీదు, నా ముఖమైనా చూడరు. మా అక్క నీ ముఖం చూసి ఎక్కింది."

స్నానాలక్క ఏడవలేదు. ఏడిస్తే అతను జాలి పడాల్సి వస్తుందని పళ్ళు బిగబట్టింది.

అతను మేనేజరమ్మ వైపు తిరిగాడు. "మీరు ఈ పుస్తకం ఎప్పుడైనా చూశారా మేడం?"

"చూశాను" అంది ఆవిడ. తల వంచుకుని, "శుభ్రంగా ఉందా లేదా అని చూశాను" అంది. ఆ ఇంట్లో ఆ రోజు పలికిన నిజాల్లో అదొకటి.

ఆ మూడు వారాల్లో చాలా మారాయి. పైనుంచి ఇద్దరు వచ్చి, అందరినీ కూర్చోబెట్టి అడిగి రాసుకున్నారు. మేనేజరమ్మకు చివాట్లు గట్టిగానే పడ్డాయి. మెకానిక్కు మళ్ళీ వచ్చి, వేడి ఒక హద్దు దాటకుండా కుళాయికి ఏదో బిగించాడు. నీళ్ళలో తడిసినా పాకని పెన్సిలు, అట్ట మీద ఏ స్నానానికి ఆ కాగితం వచ్చాయి. స్నానాలు ఇప్పుడు నర్సు చేయిస్తోంది. చేప మేకు దిగింది. దాని పొట్ట మీది అంకె చదివి పైకి చెప్పే పని రైలమ్మకు ఇచ్చారు. "ముప్ఫై ఏడు! బండి బయలుదేరవచ్చు!" అని ఆవిడ అరిస్తే గాని ఎవరూ కాలు లోపల పెట్టడం లేదు. ఇంతకాలం ఆ పని ఆవిడకెందుకు ఇవ్వలేదో దేవుడికెరుక.

స్నానాలక్కను డాక్టరు చూశాడు. మెడ దగ్గర నరం నలిగిపోయిందన్నాడు, ముందే వచ్చి ఉంటే వేరుగా ఉండేదన్నాడు, వైద్యం చేసినా స్పర్శ మొత్తం తిరిగి వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. విచారణ ముగిసేదాకా ఆమెను స్నానాలకూ, మనుషులను ఎత్తి దించే పనులకూ దూరంగా ఉంచారు. బట్టలు మడతపెట్టేది, పక్కన కూర్చునేది. స్నానాలగది ముందునుంచి వెళ్ళాల్సి వస్తే తల తిప్పుకునేది కాదు. చూసే వెళ్ళేది. బాధ ఉండేది, దాన్ని ఉండనిచ్చింది.

తమ్ముడు సెలవు పెట్టి మూడు చోట్లు తిరిగాడట. ప్రతిచోటా ముందుగా పుస్తకం అడిగి, రేపటి పేజీ తెరవమన్నాడట. రెండు చోట్ల రేపటి పేజీ నిండి ఉంది. మూడో చోట ఖాళీగా ఉంది. రాణిగారిని అక్కడ చేర్చాలని నిర్ణయించుకున్నాడు. అన్న మాట ప్రకారమే చేశాడు, తప్పేముంది?

వెళ్ళే ముందు రోజు మధ్యాహ్నమంతా స్నానాలక్క కాగితం ముందేసుకుని కూర్చుంది. కొత్తచోటి వాళ్ళ కోసం రాణిగారి గురించి రాసింది. నొప్పి వేస్తే నవ్వుతుంది, నోరు కాదు కళ్ళు చూడండి. పెట్టమన్న చోట కాలు పెడుతుంది, కాబట్టి పెట్టమనే ముందు మీరు చూడండి. వీపు మీద నీళ్ళు ఒక్కసారిగా పోస్తే భయం. తలనొప్పి వస్తే ఏం చేస్తుందో నాకు తెలియదు. పంటినొప్పి ఎప్పుడైనా వచ్చిందో లేదో నాకు తెలియదు. పద్దెనిమిదేళ్ళ తరవాత తెలియనివి ఇన్ని ఉన్నాయా అని రాస్తూ రాస్తూ బిత్తరపోయింది. కొట్టివేతలు, దిద్దుబాట్లు, ఒకచోట చెమ్మకు అలుక్కుపోయిన అక్షరం. తమ్ముడు నిలబడే రెండు పేజీలూ చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "పనికొస్తుందక్కా" అన్నాడు.

మర్నాడు పొద్దున అతను బండి తేవడానికి వెళ్ళాడు. వరండా బెంచీ మీద రాణిగారు, ఆమెకు కుడిపక్కన స్నానాలక్క, కాళ్ళ దగ్గర సంచీ. పాదాలు మానాయి, కొత్త చర్మం లేత గులాబీరంగులో ఉంది. రాత్రి వానకు తడిసిన గడ్డి మీద ఎండ మెల్లగా జరుగుతోంది. గడియారం నడుస్తోందో లేదో తెలియనంత మెత్తగా ఉంది పొద్దు. స్నానాలక్క కళ్ళు గేటు మీదే ఉన్నాయి. పోయే రోజైనా ఒక్కసారి తన చెయ్యి పట్టుకుంటుందేమో అని ఆశ పడింది. ఎందుకు పట్టుకుంటుంది, పట్టుకుని అడుగు పెడితే కదా కాలింది, అని తనకు తనే చెప్పుకుంది.

గేటు బయట బండి చప్పుడైంది. సంచీ అందుకుందామని కిందికి చూసింది. రాణిగారి రెండు చేతులూ తన ఎడమ చేతిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. వేళ్ళలో వేళ్ళు దూర్చి, గోళ్ళు తెల్లబడేంత గట్టిగా. ఎప్పటినుంచి పట్టుకుని ఉందో ఏమో.

అప్పుడు ఏడ్చింది స్నానాలక్క, ఎవరు చూస్తే ఏమని భోరున ఏడ్చింది. తరవాత కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ వేళ్ళు ఒక్కొక్కటే నెమ్మదిగా విడిపించి, లేచి, బెంచీకి రెండో పక్కకు వెళ్ళి కూర్చుని, కుడి చెయ్యి చాచింది. రాణిగారు ఆ చెయ్యి కూడా పట్టుకుంది. వెచ్చగా ఉంది.